చందమామని కొన్నవాళ్లు

వార్త వచ్చింది వ్యాపారం పేజీలో. 2007 మార్చి. ముంబైలోని జియోడెసిక్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ, పిల్లల కథల పత్రిక చందమామని నడిపే చందమామ ఇండియా లిమిటెడ్‌లో 94 శాతం వాటా కొనేసింది. ధర సుమారు 10 కోట్ల రూపాయలని అప్పటి పేపర్లు రాశాయి. కంప్యూటర్లలో, సెల్‌ఫోన్లలో జనం కబుర్లు చెప్పుకునే సాఫ్ట్‌వేర్ తయారుచేసుకునే కంపెనీకి, ఆ పత్రికలో విక్రమార్కుడికి కథలు చెప్పే బేతాళుడితో ఏం పని అని ఆశ్చర్యపోయినవాళ్లు ఆశ్చర్యపోయారు.

పని ఉంది. అంతకు ఏడు నెలల కిందటే, 2006 ఆగస్టులో, సాక్షాత్తూ వాల్ట్ డిస్నీ వాళ్లే చందమామలో వాటా తీసుకోబోతున్నారని వార్తలొచ్చాయి. ఆ బేరం కుదర్లేదు. కుదిరి ఉంటే విక్రమార్కుడు మిక్కీమౌస్ పక్కన నిలబడేవాడు. ఎలా ఉండేదో మరి!

బేరానికి కూర్చున్నవాళ్ల ముందు ఏమేం పరిచి ఉంటాయో ఊహించడం కష్టం కాదు. పల్లెపల్లెకీ తెలిసిన పేరు ఒకటి. 60 ఏళ్ల పాత సంచికలు. డజను భాషలు. లెక్కకి మిక్కిలి బొమ్మలు. పైగా కథలన్నీ పత్రిక సొత్తు. ఎవరు రాశారో చెప్పే పేరు చాలా కథల కింద లేనే లేదు. ఇంతకంటే చిక్కులేని ఆస్తి కొనేవాడికి ఎక్కడ దొరుకుతుంది?

కథంతా ఆ లేని పేర్ల దగ్గరే ఉంది. అందుకని వెనక్కి వెళ్లాలి.

* * *

యానాం వాళ్లకి చందమామ విదేశీ పత్రికగా పరిచయమైంది. ఇది తమాషాకి అంటున్న మాట కాదు. 1947 జూలైలో మద్రాసులో తొలి సంచిక వెలువడేనాటికి యానాం ఫ్రెంచివాళ్ల ఊరు. నెల తిరిగేసరికి కాకినాడలో మువ్వన్నెల జెండా ఎగిరింది. ముప్పై కిలోమీటర్లు కూడా లేని యానాంలో మాత్రం 1954 జూన్ 13 దాకా ఫ్రెంచి జెండాయే. బడిలో ఫ్రెంచి పాఠం, ఇంట్లో గోదావరి తెలుగు, అరుగు మీద మద్రాసు నుంచి వచ్చిన చందమామ. ఇప్పటికీ యానాంని పాలించేది పుదుచ్చేరి. పిన్‌కోడు మాత్రం 533తో మొదలవుతుంది. పాలన ఎటు నుంచి వచ్చినా, ఉత్తరాలూ పత్రికలూ గోదావరి జిల్లా దారినే వస్తాయి.

పత్రిక పెట్టినవాళ్లు ఇద్దరు. కడప జిల్లా పొట్టిపాడులో పుట్టిన బి. నాగిరెడ్డి, తెనాలి వాడైన చక్రపాణి. చక్రపాణి అసలు పేరు ఆలూరి వెంకట సుబ్బారావు. క్షయ వచ్చి మదనపల్లె శానిటోరియంలో ఉన్నప్పుడు తోటి రోగి దగ్గర బెంగాలీ నేర్చుకుని, శరత్ నవలల్ని తెలుగు చేసిన మనిషి. తర్వాత ఈ ఇద్దరే విజయా సంస్థ పెట్టి ‘పాతాళభైరవి’, ‘మాయాబజార్’ తీశారు. అంటే డబ్బు తెలియనివాళ్లు కారు. చందమామని ధర్మసత్రంగా నడిపారని ఇప్పుడు కొందరు కన్నీళ్లు పెట్టుకుంటారు గానీ, అది శుద్ధ అబద్ధం. లెక్క చాలా గట్టి లెక్క. రంగుల బొమ్మకి ఖర్చెక్కువ. ఒకే బొమ్మని తెలుగులో, తమిళ ‘అంబులిమామ’లో, కన్నడంలో, హిందీలో, మరాఠీ ‘చందోబా’లో వాడుకుంటే ఆ ఖర్చు పంచుకుపోతుంది. బొమ్మ చోట బొమ్మే ఉంటుంది, కింద అక్షరాలు మారతాయి.

బొమ్మ నోటి దగ్గర బుడగ గీసి అందులో మాటలు రాయలేదు కనక చందమామ కామిక్స్ పత్రిక కాదని పట్టుబట్టేవాళ్లున్నారు. ఉండనివ్వండి. బొమ్మ చూసి కథలోకి దిగిన పిల్లలకి ఆ తేడా పట్టలేదు.

* * *

మద్రాసు వడపళని, చందమామ బిల్డింగ్స్. 1952 తర్వాత ఎప్పుడైనా అనుకోండి. బల్ల ముందు కొడవటిగంటి కుటుంబరావు. సంపాదకుడిగా అచ్చయ్యే పేరు చక్రపాణిది, పని ఈయనది. అప్పటికే కథకుడిగా, నవలాకారుడిగా పెద్ద పేరు. ముందున్నది ఊరు పేరు తెలియని పాఠకుడెవరో పంపిన కథ. విషయం బాగుంది, చెప్పడం బాగాలేదు. కుటుంబరావు దాన్ని మొదటి వాక్యం నుంచి తిరగరాస్తారు. పొడుగు సమాసం ఉంటే విరగ్గొడతారు. ‘ఒక ఊళ్లో’ అని మొదలైందంటే మూడో వాక్యానికల్లా చిక్కుముడి పడాలి. కథాసరిత్సాగరం కథైనా, అరేబియా కథైనా, జపాన్ జానపదమైనా ఆ బల్ల దాటేసరికి పక్కింటి అవ్వ చెప్పినట్టు తయారయ్యేది. బేతాళుడి అసలు కథలు పాతికే. అవి ఎప్పుడో అయిపోయాయి. తర్వాత దశాబ్దాల తరబడి వచ్చినవన్నీ కొత్తగా అల్లినవి, లేదా వచ్చిన కథ చివర చిక్కుప్రశ్న పుట్టించి బేతాళుడి నోట పెట్టినవి. ప్రశ్న పుట్టించడమే అసలు కష్టం. జవాబు తెలిసిపోయేలా ఉండకూడదు, తెలిశాక మాత్రం అంతే కదా అనిపించాలి.

తిరగరాసిన కథ శంకర్ దగ్గరికి వెళ్తుంది. కె.సి. శివశంకరన్. భుజాన శవం, చేతిలో కత్తి, శ్మశానంలో నడిచిపోతున్న విక్రమార్కుడు ఆయన కుంచెలోంచి వచ్చినవాడే. కథ చదవకుండా గీసే బొమ్మలు కావవి; రాజు సందేహంలో ఉంటే భుజాలు ఒకలా, కోపంలో ఉంటే మరోలా. పక్క గదిలో మరో చిత్రకారుడు ‘చిత్రా’. ఇంకోపక్క దాసరి సుబ్రహ్మణ్యం, నెలనెలా సీరియల్ రాస్తూ. తోకచుక్క, మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, రాకాసిలోయ. తెలుగునాట మూడు తరాల పిల్లల్ని నెలాఖరు దాకా ఊపిరి బిగబట్టించినవాడు ఆయన. ఆ సీరియళ్లు వస్తున్నప్పుడు వాటి మీద ఆయన పేరు లేదు. రాసింది ఫలానా అని పాఠకులకి తెలిసేసరికి ఆ పాఠకులకి మనవలు పుట్టారు.

పేరు వెయ్యకపోవడం వెనక ఒక అందం ఉందనే నేనూ అంటాను. కథ ఎవరిదో కాదు, చందమామది. పిల్లవాడికి రచయిత అనే పెద్దమనిషి అడ్డం రాడు. అయితే ఆ అందం బల్ల ముందు మనిషి ఉన్నంతకాలమే. కుటుంబరావు 1980 ఆగస్టు 17న పోయేదాకా ఆ బల్ల దగ్గరే ఉన్నారు. దాసరి అర్ధశతాబ్దం పైగా. శంకర్ అరవై ఏళ్లు. వీళ్లెవరూ బేరం కాగితాల్లో ఒక అంకెగా ఎక్కరు. ఎక్కడానికి పేరు కూడా లేదు కదా.

మరి పాతకాలం యజమాని కథలో వేలు పెట్టలేదా? పెట్టాడు. చక్రపాణికి మాంత్రికుల సీరియళ్ల మీద మోజు తక్కువ. ఒక దశలో దాసరి రచనలు ఆపి బంకించంద్రుడి ‘దుర్గేశనందిని’ సీరియల్‌గా వేయించారు. పాఠకులకి రుచించలేదు. ఉత్తరాలొచ్చాయి, అమ్మకం తగ్గింది, దాసరి మళ్లీ కలం పట్టారు. యజమాని తప్పు చేసినా ఆ తప్పు తిరిగి ఆయన బల్ల మీదికే వచ్చి కూర్చునేది. ఎందుకంటే పత్రిక అమ్మితేనే ఆయనకి డబ్బు.

* * *

పత్రిక అమ్మకుండానే డబ్బొచ్చే యజమాని వస్తే ఏమవుతుందో అమెరికా ముందే చూసింది.

1989లో రాన్ పెరల్‌మన్ అనే వ్యాపారి మార్వెల్ కామిక్స్‌ని 8 కోట్ల 25 లక్షల డాలర్లకి కొన్నాడు. 1991లో షేర్లు మార్కెట్లోకి తెచ్చాడు. ఆ ఏడాదే ‘ఎక్స్-మెన్’ కొత్త తొలి సంచిక 80 లక్షల ప్రతులు పోయింది. చదివేవాళ్లు 80 లక్షల మంది కారు. ఒకే సంచికకి నాలుగైదు అట్టలు వేసి, రేపు ధర పెరుగుతుందని ఆశపెట్టి, ఒక్కొక్కరి చేత నాలుగేసి ఐదేసి కొనిపించారు. వచ్చిన డబ్బుతోనూ అప్పుతోనూ ఆటకార్డుల కంపెనీలు కొన్నారు, చివరికి పుస్తకాలు షాపులకి చేరవేసే కంపెనీ కూడా కొన్నారు. బొమ్మలు వేసే పెద్ద చేతులు 1992లో బయటికి నడిచి ఇమేజ్ అనే సొంత సంస్థ పెట్టుకున్నాయి.

కథ మీద దెబ్బ ఎలా పడిందో చూడాలంటే స్పైడర్‌మ్యాన్‌నే చూడాలి. 1994లో ఒక కథ మొదలైంది: పీటర్ పార్కర్‌కి నకలు ఒకడు వస్తాడు, ఇద్దరిలో అసలెవరు? కొన్ని నెలల్లో తేలిపోవాల్సిన ముడి. అమ్మకం బాగుందని అమ్మకాల విభాగం ఆపనివ్వలేదు. రచయితలు ముడి విప్పబోతే పైనుంచి ఇంకా లాగమని ఒత్తిడి. జీడిపాకంలా రెండేళ్లు సాగింది. చివరికి అసలు ఎవరో రాసేవాళ్లకే తేల్చుకోలేని స్థితి వచ్చి, పాత విలన్‌ని చావులోంచి లేపుకొచ్చి ముగించారు. మన బేతాళుడి కథలో ప్రశ్న వెయ్యగానే జవాబు రావాలి, వచ్చాకనే శవం చెట్టెక్కాలి. వాళ్ల బేతాళుడు జవాబు చెప్పనివ్వలేదు. అది ముగిసిన 1996 డిసెంబరులోనే మార్వెల్ దివాలా పిటిషన్ వేసింది.

తర్వాత లేచింది, సినిమాలు తీసింది, 2009లో డిస్నీ 400 కోట్ల డాలర్లకి కొంది. అదే డిస్నీ. మూడేళ్ల కిందట చందమామ గుమ్మం దాకా వచ్చి వెళ్లిందని వార్తల్లో చదివిన కంపెనీ. ఇంతకీ ఆ కోట్లన్నిటికీ మూలమైన బొమ్మల్లో చాలావాటి పుట్టుకలో చెయ్యి ఉన్న జాక్ కిర్బీ వారసులు కోర్టుల చుట్టూ తిరిగి తిరిగి 2014లో రాజీ పడ్డారు. సూపర్‌మ్యాన్‌ని సృష్టించిన ఇద్దరు కుర్రాళ్లకి 1938లో దక్కింది 130 డాలర్లు. పేర్లు అచ్చయినచోటే ఇంత పెనుగులాట!

మన దేశంలో ఇంకో దారీ ఉంది. అనంత్ పై 1967లో మొదలుపెట్టిన అమర చిత్ర కథ కూడా సరిగ్గా 2007లోనే చేతులు మారి ఏసీకే మీడియా అయింది, 2011లో ఫ్యూచర్ గ్రూపు చేతికి వెళ్లింది. బతికే ఉంది. అంకుల్ పై అనే మనిషి ఊరూవాడా తెలిసిన పేరు. 2011లో పోయేదాకా ఆ పుస్తకాలకి ముఖం ఆయనే. చందమామకి చూపించుకోవడానికి అలాంటి ముఖం మిగల్లేదు.

* * *

జియోడెసిక్ మంచి పత్రికని చెడగొట్టిందని ఒక్కమాటలో తేల్చేస్తే అన్యాయం. దాని చేతికి వచ్చేసరికే చందమామ ఒకసారి ఆగి లేచింది. యాజమాన్యానికీ కార్మికులకీ గొడవలతో 1998 అక్టోబరులో ఆగిపోయి, వినోద్ సేథి, సుధీర్ రావు అనే మదుపుదారుల అండతో నాగిరెడ్డి కుమారుడు విశ్వనాథరెడ్డి ఆధ్వర్యంలో 1999 డిసెంబరులో తిరిగొచ్చింది. ఈలోగా ఇళ్లలోకి కార్టూన్ ఛానళ్లు వచ్చేశాయి.

కొత్తవాళ్లు హడావుడి బాగానే చేశారు. 60 ఏళ్ల ప్రత్యేక సంపుటిని 2008లో అమితాబ్ బచ్చన్ ఆవిష్కరించారు. ఇంగ్లీషు చందమామకి కొత్త వేషం వేశారు: నిగనిగలాడే పేజీలు, ఈనాటి పిల్లల కథలు, క్విజ్‌లు. తెలుగు, తమిళ, ఇంగ్లీషుల్లో వెబ్‌సైట్ తెరిచి పాత సంచికల్ని స్కాన్ చేసి పెట్టారు. ఈ ఒక్క పనికి మాత్రం పాఠకలోకం వాళ్లకి దండం పెట్టింది. సింగపూర్‌లోనో డల్లాస్‌లోనో ఉన్న తెలుగువాడు అర్ధరాత్రి 1960ల నాటి సంచిక తెరిచి తన బాల్యం చదువుకున్నాడు.

గమనించండి, వాళ్లు బాగా చేసిన పని పాతదాన్ని చూపించడం. కొత్తది పుట్టించే బల్ల మీద అంత ఖర్చు కనపడలేదు. తెలుగు సంచికలో పాత సీరియళ్లే మళ్లీ మళ్లీ వచ్చాయి. పునర్ముద్రణలు నాగిరెడ్డి కాలంలోనూ ఉన్నాయి గానీ, అప్పుడు వాటి పక్కన కొత్త మాంత్రికుడు ఒకడు పుడుతుండేవాడు.

ఇక అసలు దెబ్బ కథల వల్ల పడలేదు. చందమామని 10 కోట్లకి కొన్న కంపెనీ, 2008 జనవరిలో విదేశీ మార్కెట్‌లో 12.5 కోట్ల డాలర్ల బాండ్లు అమ్మింది. అప్పటి మారకంలో దాదాపు 490 కోట్ల రూపాయలు. ఆ పద్దులో చందమామ ఎంత? నూటికి రెండు. 2013 జనవరిలో గడువు వచ్చింది, కంపెనీ కట్టలేకపోయింది. పత్రిక ఆగిపోయింది. 2014లో బొంబాయి హైకోర్టు జియోడెసిక్‌ని మూసెయ్యమంది. 2016లో వెబ్‌సైట్ కూడా కనపడకుండా పోయింది. 2019లో ఆ కంపెనీ పేరు మళ్లీ పేపర్లకెక్కింది, స్విట్జర్లాండ్ పన్నుల శాఖ నోటీసుల్లో.

నూటికి రెండు వంతుల ఆస్తి, తక్కిన తొంభై ఎనిమిది వంతుల పాపానికి కట్టుబడి మునిగింది. చక్రపాణి పెట్టించిన సీరియల్ నచ్చకపోతే ఉత్తరం రాయొచ్చు. బాండ్ల గడువు మీద ఏ పాఠకుడు ఏ ఉత్తరం రాస్తాడు?

కంపెనీకి తాళం పడడమంటే ఏమిటో యానాంకి ఎవరూ చెప్పక్కర్లేదు. 2012 జనవరి 27న రీజెన్సీ సిరామిక్స్‌లో కార్మికుల గొడవ ముదిరి, కార్మిక నాయకుడూ కంపెనీ పెద్దా ప్రాణాలు కోల్పోయి, టైల్స్ ఫ్యాక్టరీ మూతపడింది. ఊళ్లో చాలా ఇళ్లకి తిండి పెట్టిన ఫ్యాక్టరీ. చందమామ చివరి సంచికలు వచ్చిన రోజులూ అవే. అప్పుడు ఇక్కడ పత్రిక రాలేదేమని అడిగే ఓపిక ఎవరికీ లేదు.

* * *

యానాంలో ఒక రిటైరైన మాస్టారి ఇంట్లో చందమామ బైండ్లు చూశాను. ఏడాదికొకటి. పన్నెండు సంచికలూ దారంతో కుట్టి, గంజిలో మైలుతుత్తం కలిపి వీపుకి ఖాకీ గుడ్డ అంటించారట, పురుగు పట్టకుండా. అయినా అంచులు గోధుమరంగు తిరిగాయి. ఒకదాంట్లో ఫోటో వ్యాఖ్యల పోటీ పేజీలో రెండు ఫోటోల కింద పెన్సిల్‌తో జంటవాక్యాలు రాసి, కొట్టేసి, మళ్లీ రాసి ఉన్నాయి. బహుమతి రాలేదట. పంపనేలేదట.

“కొనేవాళ్లు వస్తున్నారాండీ?” అని అడిగాను.

“ఆయ్, హైదరాబాద్ నుంచి ఒకాయన వచ్చారండి. బైండుకింత అన్నారు. ఇవ్వనన్నానండి. మనవలికి ఫోన్‌లో పీడీఎఫ్ ఉంది గదా తాతా, ఇవెందుకంటారండి. అయితే ఈ మధ్య ఎవరో చెప్పారండి, అలా ఫోన్లో పెట్టుకోడం కూడా నేరవేనని. కంపెనీయే లేదు గదండీ, నేరం ఎవరి మీదండి?”

ఈ ప్రశ్నకి బేతాళుడు కూడా సంతోషిస్తాడు. జవాబు మాత్రం ఉంది, 1957 నాటి మన కాపీరైట్ చట్టంలో. పేరున్న రచయితైతే ఆయన పోయిన మరుసటి ఏడాది మొదలుకుని 60 ఏళ్లు హక్కు ఉంటుంది. పేరు లేకుండా అచ్చయిన రచనకైతే ఆ 60 ఏళ్లూ అచ్చయిన మరుసటి ఏడాది నుంచే లెక్క. ఈలోగా రచయిత ఫలానా అని చట్టబద్ధంగా వెల్లడైతే లెక్క మారుతుంది. కుటుంబరావుగారిదని అలా తేలిన కథకి 2040 చివరిదాకా ఆగాలి. తేలనిదానికి అక్కర్లేదు.

అంటే 1947లో పేరు లేకుండా వచ్చిన కథల మీద హక్కు 2007 డిసెంబరు 31తో సరి. జియోడెసిక్ బేరం కుదుర్చుకున్నది ఆ మార్చిలో. కథల్ని పూర్తిగా కంపెనీ సొత్తు చేసిన అనామకత్వమే, కొన్న తొమ్మిది నెలలకి వాటిని ఏడాదికొక కట్ట చొప్పున చేతుల్లోంచి జార్చడం మొదలెట్టింది. ఈ సంగతి బేరం గదిలో ఎవరైనా లెక్కేశారో లేదో గానీ, మాస్టారు మాత్రం వేళ్ల మీద లెక్కేశారు.

“మా దగ్గర 58 నుంచీ ఉన్నాయండి. అంటే 19 జనవరికే అది వదిలిపోయిందన్నమాట, పేరు లేనివాటి వరకూ.”

అవునన్నాను.

“మరైతే మా బళ్లో పిల్లలు నాటకం వేసుకోడానికి ఎవర్నీ అడగక్కర్లేదండి,” అని బైండు నా చేతిలోంచి తీసుకుని, ఏ కథ బాగుంటుందో వెతకడం మొదలుపెట్టారు.